ముగ్గురి బోటు, ఒకే ఇంజిన్: ఖర్చు ఎవరి మీద ఎంత పడాలి?

చేపల వేటకి ముగ్గురు కలిసి బోటు కొన్న రోజు ఎవరూ గొడవపడరు. కొబ్బరికాయ కొట్టి, ముక్కుకి పసుపు కుంకుమ పెట్టి, ముగ్గురూ ఫొటో దిగుతారు. గొడవ రెండో ఏడాదో మూడో ఏడాదో వస్తుంది. అదీ ఎక్కువగా ఏటా సముద్రంలో వేట ఆపేసే నిషేధం రోజుల్లో, బోటు ఒడ్డున ఉండి, మెకానిక్ ఇంజిన్ విప్పి చూసి "మొత్తం దించాలి, లక్షన్నర దాకా అవుద్ది" అన్నప్పుడు. "నేను తిప్పిందే తక్కువ, సమానంగా ఎందుకివ్వాలి?" అని ఒకరంటారు. "బోటు బాగుంటే దాని విలువ నీకూ ఉంటుంది కదా" అని ఇంకొకరు. "నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటున్నా, ఏడాదిలో ఒక్కరోజు ఎక్కలేదు, నాకేం సంబంధం?" అని మూడో ఆయన. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని మనవాళ్లు ఊరికే అనలేదు. తమాషా ఏంటంటే ముగ్గురి మాటలోనూ న్యాయం ఉంది, ఎందుకంటే ముగ్గురూ మూడు రకాల ఖర్చుల గురించి మాట్లాడుతూ, ఒకే ఖర్చు గురించి వాదించుకుంటున్నాం అనుకుంటున్నారు.

ఈ మూడింటినీ విడదీస్తే సగం గొడవ అక్కడే తేలిపోతుంది. మిగతా సగం అంత తేలిగ్గా తేలదు, దాని సంగతి తర్వాత చూద్దాం.

లెక్క కోసం ఒక బోటు ఊహించుకుందాం. ఫైబర్ బోటు, డీజిల్ ఇంజిన్, వలలతో కలిపి 8 లక్షలు పడింది. అన్న 4 లక్షలు పెట్టాడు, తమ్ముడు 2, బావ 2. అంటే వాటాలు సగం, పావు, పావు. బోటు వంతుల మీద నడుస్తుంది, నెలలో అన్నకి రెండు వారాలు, మిగతా ఇద్దరికీ చెరో వారం. బావ ఊళ్లో ఉండడు కాబట్టి ఆయన వారం కూడా తమ్ముడే వాడుకుంటున్నాడు. ఎవరి వంతులో వాళ్లు తమ కలాసీలతో (బోటు మీద పనిచేసేవాళ్లతో) వెళ్తారు, పడిన చేప వాళ్లదే. ఏడాదిలో ఇంజిన్ మొత్తం 1,500 గంటలు తిరిగిందనుకుందాం. తమ్ముడు కొంచెం దూరం పోయే రకం కాబట్టి అందులో 900 గంటలు అతనివి, 600 అన్నవి.

ఇప్పుడు ఖర్చులు. మొదటి రకం, బోటు కదిలినా కదలకపోయినా వచ్చేవి. ఇన్సూరెన్సు, లైసెన్సు, రేవులో కాపలా, నిషేధంలో అడుగు గీకించి రంగు వేయించడం, ఎండకి వానకి పాడయ్యే తాళ్లూ టార్పాలిన్లూ. బోటు అనేది ఒకటి ఉన్నందుకే వచ్చే ఖర్చులివి, కాబట్టి ఎవరి ఆస్తి ఎంతో ఆ లెక్కనే పడాలి. ఇది ఏడాదికి 60,000 అనుకుంటే అన్న 30,000, తమ్ముడు 15,000, బావ 15,000. హైదరాబాద్‌లో ఉన్నా సరే బావ తప్పించుకోలేడు.

రెండో రకం, వెళ్లినప్పుడే అయ్యేవి. డీజిల్, ఐస్, సరుకులు, కలాసీల బత్తా. వీటికి పెద్ద లెక్క అక్కర్లేదు, ఎవరు వెళ్తే వాళ్లే పెట్టుకుంటారు. ఒకే ఒక్క పేచీ టాంకులో మిగిలిన డీజిల్ దగ్గర వస్తుంది. "నేను దిగేటప్పటికి ముప్ఫై లీటర్లుంది", "ఎక్కడ, పదిహేను కూడా లేదు". దీనికి అన్నిచోట్లా పనిచేసే మందు ఒకటే, టాంకు నిండుగా తీసుకోవాలి, నిండుగా అప్పజెప్పాలి. అంతే.

మూడోది కంటికి కనిపించని ఖర్చు. కొంప ముంచేది ఇదే. ఇంజిన్ తిరిగిన ప్రతి గంటా ఎంతో కొంత అరిగిపోతుంది, కానీ ఆ రోజు ఎవరి జేబులోంచీ రూపాయి పోదు. ఐదువేల గంటలకి ఒకసారి లక్షన్నరతో మొత్తం దించాల్సి వస్తుందనుకుంటే గంటకి 30 రూపాయలు అరుగుతోందన్నమాట. 250 గంటలకోసారి ఆయిలూ ఫిల్టర్లకి 5,000 అనుకుంటే గంటకి ఇంకో 20. మొత్తం 50. అంటే అన్న ఆ ఏడాది ఎవరికీ తెలియకుండా 30,000 రూపాయల ఇంజిన్ వాడేశాడు, తమ్ముడు 45,000. ఆ డబ్బు వాడినప్పుడే, ఇంజిన్ కోసం విడిగా పెట్టిన ఉమ్మడి డబ్బాలో పడి ఉండాలి. పడదు. మూడేళ్ల తర్వాత బిల్లు వచ్చిన రోజున ఎవరు ఎంత వాడారో చెప్పగలిగే కాగితం ముక్క కూడా ఉండదు, కాబట్టి "సరే, తలా సమానం" అనేస్తారు, అక్కడినుంచి ఇక మాటలుండవు.

లెక్క కలిపితే మొత్తం 1,35,000లో అన్న వాటా 60,000, తమ్ముడిది 60,000, బావది 15,000. ఇదే మొత్తాన్ని తలా సమానంగా పంచితే మనిషికి 45,000. పెట్టుబడి లెక్కన పంచితే అన్న 67,500, మిగతా ఇద్దరూ 33,750 చొప్పున. వాడకం లెక్కన మాత్రమే పంచితే అన్న 54,000, తమ్ముడు 81,000, బావ సున్నా. ఒకే బోటు, ఒకే ఏడాది, బావ కట్టాల్సింది మాత్రం సున్నా నుంచి 45,000 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. ఎవరికి ఏ పద్ధతి లాభమో వాళ్లకి అదే న్యాయంగా కనిపిస్తుంది, అందులో ఆశ్చర్యం లేదు.

గంటలు కొలవడం ఎలా అంటే, ఇంజిన్‌కి అవర్ మీటర్ ఉంటే మంచిదే. కాకపోతే దాన్ని ఎక్కడ కలిపారో చూసుకోవాలి. తాళం తిప్పితే చాలు తిరిగేలా కలిపితే ఇంజిన్ ఆపేసి లైట్లు వేసుకుని వల సర్దుకుంటున్న టైము కూడా ఎక్కేస్తుంది. ఆయిల్ ప్రెషర్ స్విచ్‌కి కలిపితే ఇంజిన్ నిజంగా నడిచినంతసేపే తిరుగుతుంది. వంతు మొదలైనప్పుడూ అయిపోయినప్పుడూ మీటర్‌కి ఒక ఫొటో తీసి ముగ్గురూ ఉన్న వాట్సాప్ గ్రూపులో పడేస్తే చాలు, తేదీ టైము దానంతటదే ఉంటుంది. నోటు పుస్తకం ఉప్పునీళ్లకి ఎన్నాళ్లో ఆగదు, పైగా అందులో రాసేది ఒక్కడే.

నన్నడిగితే మాత్రం చిన్న బోట్లకి గంటల కంటే లీటర్లు నయం. కారణం ఉంది. గంటకి గంట సమానం కాదు. నీళ్లని తోసుకుంటూ పోయే బోటుకి కావాల్సిన శక్తి వేగంతో పాటు కాకుండా ఇంచుమించు వేగం ఘనంతో పెరుగుతుంది, అంటే 8 నాట్ల (సముద్రంలో వేగం కొలత) మీద పోయే బోటుని 7 నాట్లకి తగ్గిస్తే లెక్క ప్రకారం గంటకి కాలే డీజిల్ మూడోవంతు తగ్గుతుంది, ప్రయాణం ఇంకాస్త ఎక్కువసేపు పట్టినా మొత్తం మీద నాలుగోవంతు దాకా మిగులుతుంది. నెమ్మదిగా పోయే అన్న గంటనీ, చేప తాజాగా ఉండగానే వేలంపాటకి అందుకోవాలని పూర్తిగా లాగించే తమ్ముడి గంటనీ మీటర్ ఒకేలా చూస్తుంది. ఇంజిన్ మాత్రం ఒకేలా చూడదు. ఎంత కష్టపడిందో అంత డీజిల్ తాగుతుంది, అంతే అరుగుతుంది. పెద్ద ఇంజిన్ల కంపెనీల్లో కొన్ని ఓవర్‌హాల్ (ఇంజిన్ మొత్తం దించి బాగుచేయడం) ఎప్పుడు చేయించాలో తాగిన ఇంధనాన్ని బట్టి కూడా అంచనా వేస్తాయి. మన బోటు గంటకి సగటున 5 లీటర్లు తాగితే ఏడాదికి 7,500 లీటర్లు, 75,000 రూపాయల అరుగుదలని దాని మీద పరిస్తే లీటరుకి 10 రూపాయలు. డీజిల్ కొట్టించిన ప్రతిసారీ లీటరుకి పది చొప్పున బోటు ఖాతాకి ఫోన్‌పే చేసేయడమే. బంకు బిల్లు ఎలాగూ ఉంటుంది, మీటర్ గొడవ లేదు, ఎవడు ఎంత వేగంగా పోయాడన్న పంచాయితీ లేదు. ఇంజిన్ పాతబడి డీజిల్ ఎక్కువ తాగడం మొదలుపెడితే అది కూడా ఈ లెక్కలోనే బయటపడుతుంది.

ఇక్కడే ఇంకో మాట. ఆంధ్రప్రదేశ్‌లో వేట బోట్లకి డీజిల్ మీద రాయితీ ఉంది, 2019లో లీటరుకి 6.03 రూపాయల నుంచి 9కి పెంచారు. నెలకి ఇన్ని లీటర్లని పరిమితి ఉంటుంది, రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉంటే వాళ్లకే అందుతుంది. మన ఉదాహరణలో అది అన్న పేరున ఉందనుకుంటే, తమ్ముడు కాల్చిన డీజిల్ మీద వచ్చిన రాయితీ కూడా అన్నకే పోతుంది. ఎవరూ దొంగతనం చెయ్యలేదు, కానీ లెక్క తప్పింది. నేనైతే ఆ రాయితీని ఎవరికీ పంచకుండా నేరుగా ఇంజిన్ డబ్బాలో వేసెయ్యమంటాను. లీటర్ల మీద వచ్చిన డబ్బు లీటర్ల వల్ల అయ్యే ఖర్చుకి పోతుంది.

వేట నిషేధంలో ఇచ్చే భృతి సంగతి వేరు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర బోట్లు, ఇంజిన్ పడవలు సముద్రంలోకి వెళ్లకూడదు. ఆ రోజుల్లో మత్స్యకార కుటుంబానికి 10,000 ఇచ్చేవారు, 2025లో 20,000 చేశారు. అది మనిషి తిండికి ఇచ్చేది, బోటు లెక్కలోకి లాగకూడదు. కాకపోతే బోటుకి ఇంతమంది అనే పరిమితిలో పేర్లు రాయిస్తారు కాబట్టి, అన్న కలాసీల పేర్లే అన్నీ ఎక్కి తమ్ముడి వాళ్లవి మిగిలిపోతే అదో కొత్త తగువు. పేర్లు రాయించే రోజున ఇద్దరూ ఉండాలి.

సరే, బావ దగ్గరికి వద్దాం. 2 లక్షలు పెట్టాడు, ఏడాదికి 15,000 కడుతున్నాడు, ఆయన వారం తమ్ముడు వాడుకుంటున్నాడు. మరి ఆయనకేం మిగిలింది? పై లెక్క ఖర్చులు సరిగ్గానే పంచింది కానీ పెట్టుబడికి ప్రతిఫలం గురించి ఏమీ చెప్పలేదు. ఇక్కడ రెండు దారులున్నాయి, రెండూ న్యాయమైనవే, కానీ వాటి స్వభావం వేరు.

మొదటిది అద్దె. బావ తన వంతుని తమ్ముడికి ఇంత అని ఇచ్చేస్తాడు. ఎంత? ఆయన 2 లక్షలు బయట నూటికి రూపాయి వడ్డీకి తిప్పుకున్నా ఏడాదికి 24,000 వస్తుంది, దానికి ఆయన కట్టే 15,000 కలిపితే 39,000. నిషేధం పోగా ఏడాదికి ఆయన వంతు పదకొండు వారాల దాకా ఉంటుంది కాబట్టి వారానికి 3,500 అంటే ఇద్దరికీ మోసం లేదు. ఈ పద్ధతిలో బావ నిశ్చింతగా ఉంటాడు. చేప పడకపోతే మాత్రం ఆ నష్టమంతా తమ్ముడిదే, కలాసీలకి బత్తా ఇచ్చి, ఖాళీ చేతులతో వచ్చి, బావకి అద్దె కూడా కట్టాలి.

రెండోది మన రేవుల్లో ఎప్పటినుంచో ఉన్న పడవ వాటా. పాటలో వచ్చిన డబ్బులోంచి ముందు డీజిలూ ఐసూ సరుకులూ తీసేసి, మిగిలింది కలాసీలకి కొంత, బోటుకి కొంత. ఏ పాళ్లలో అన్నది రేవుని బట్టి, బోటుని బట్టి, వలని బట్టి మారుతుంది. సముద్రం మీదికి వెళ్లే ఓనరుకి కలాసీగానో డ్రైవరుగానో తన పని వాటా వస్తుంది, దానితో బోటు వాటాకి సంబంధం లేదు. బోటుకి వచ్చిన వాటాలోంచి ముందు ఇంజిన్ డబ్బా, తర్వాత ఏడాది ఖర్చులు, ఆ మిగిలింది సగం, పావు, పావు. ఎవరు ఎన్ని రోజులు వెళ్లారన్న లెక్కే అక్కర్లేదు, ఎక్కువ తిప్పితే బోటుకి ఎక్కువ వస్తుంది, అరుగుదల దాంట్లోంచే పోతుంది. చేప పడకపోతే ముగ్గురికీ పడనట్టే. నిజానికి పనికీ పెట్టుబడికీ ప్రతిఫలాన్ని విడదీసి చూడడంలో ఇంతకన్నా తెలివైన పద్ధతి నాకు కనిపించలేదు.

కానీ దీనికీ ఓ కన్నం ఉంది. ఒడ్డున ఉన్న బావకి సముద్రం మీద ఏం జరిగిందో తెలియదు. రెండు మంచి వంజరాలు ఇంటికి పోవచ్చు, నాలుగు కేజీల రొయ్య పాటకి రాకుండానే అమ్ముడుపోవచ్చు. పైగా డీజిల్ ఉమ్మడి ఖర్చు కాబట్టి లాగించి పోయేవాడికి బాధ తక్కువ. అద్దె పద్ధతిలో ఈ రెండు జబ్బులూ లేవు, కానీ చేప పడని నష్టమంతా ఒక్కడిదే. అందుకే ఓనర్లందరూ వేటకి వెళ్లేవాళ్లయితే వంతులూ లీటర్ల లెక్క పెట్టుకోమంటాను, ఒకరు పెట్టుబడి మాత్రమే పెట్టి ఒడ్డున ఉంటే పడవ వాటా పెట్టుకుని, ప్రతి పాట చీటీ ఫొటో అదే రోజు గ్రూపులో పెట్టమంటాను. కూరకి తీసుకెళ్లే చేపకి మాత్రం లెక్క అడగొద్దు. అది అడిగిన బోటు ఎక్కువ రోజులు నడవదు.

వంతుల పద్ధతిలో క్యాలెండరు చేసే మోసం ఒకటుంది. వారానికి వారం సమానంగా కనిపిస్తుంది కానీ జూన్ 15 తర్వాత వచ్చే మొదటి వారం, రెండు నెలలు వల పడని సముద్రం మీద వేసే మొదటి వల, అక్టోబరు నవంబరుల్లో తుపాను హెచ్చరికతో రేవులోనే కట్టేసి ఉంచిన వారం ఒకటేనా? అందుకని రెండు చిన్న నియమాలు. నిషేధం ఎత్తేశాక మొదటి వంతు ఏటా మారాలి, ఒకరికే ఉండకూడదు. వంతుని తేదీల్లో కాకుండా వేటకి వెళ్లగలిగిన రోజుల్లో లెక్కపెట్టాలి. ఐదు వేట రోజులు ఒక వంతు అనుకుంటే తుపాను వచ్చినా, జెట్టీ దగ్గర సమ్మె జరిగినా వంతు ఆగి, మళ్లీ అక్కడినుంచే మొదలవుతుంది.

విరిగినవీ చిరిగినవీ. తమ్ముడి వంతులో ప్రొపెల్లర్‌కి తాడు చుట్టుకుంది, షాఫ్ట్ వంగింది. అతని నిర్లక్ష్యమా, ఖర్మా? సముద్రం మీద సాక్షులు అతని కలాసీలే కాబట్టి ఈ ప్రశ్నకి జవాబు ఎప్పటికీ దొరకదు. అందుకే ప్రశ్నే అడగకుండా ఒక మొత్తం ముందే అనుకోవాలి, ఏం విరిగినా మొదటి 5,000 ఎవరి వంతులో విరిగితే వాళ్లది, ఆ పైన ఉమ్మడి డబ్బా. కొంచెం మొరటుగా ఉంటుంది కానీ పనిచేస్తుంది, చేతిలోంచి ఎంతో కొంత పోతుందన్న భయం ఉంటే మనిషి కాస్త చూసుకుంటాడు.

ఇక ఎవరూ రాయని ఖర్చు, ఒంటి కష్టం. నిషేధంలో ఎర్రటి ఎండలో బోటు పక్కన కూర్చుని పని చేయించేది, ఫిషరీస్ ఆఫీసు చుట్టూ తిరిగేది, ఇన్సూరెన్సు రెన్యువల్ గుర్తుపెట్టుకునేది ఎప్పుడూ ఒక్కరే. మన బోటులో అది అన్న అనుకుందాం. కాగితం మీద ఏమీ రాసుకోకపోతే, చివరికి ఇదొక భాగస్వామ్యమే అని తేలితే, 1932 నాటి భాగస్వామ్య చట్టం 13వ సెక్షన్ ఏమంటుందో తెలుసా? పని చేసినందుకు భాగస్వామికి విడిగా జీతం లేదు. లాభనష్టాలు అందరికీ సమానం. అంటే సగం పెట్టుబడి పెట్టిన అన్నకి కూడా మూడోవంతే. ఒప్పుకున్న పెట్టుబడికి మించి ఎవరైనా సొంత డబ్బు పెడితే దానిమీద ఏడాదికి 6 శాతం వడ్డీ. ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి, అంటే 24 శాతానికి, తెచ్చి ఇంజిన్ బాగుచేయించిన అన్నకి చట్టం ఇచ్చేది 6. ఇవన్నీ "వేరే ఒప్పందం లేకపోతే" అన్న షరతు మీదే నడుస్తాయి కాబట్టి ఒక్క కాగితం ఉంటే చాలు, అన్నీ మార్చుకోవచ్చు. ఒడ్డు పనికి రోజుకి ఇంత కూలి అని అందులోనే రాసుకుంటే అన్న నోరు తెరిచి అడగక్కర్లేదు.

అదే చట్టం 6వ సెక్షన్ వివరణలో, ఉమ్మడి ఆస్తి మీద వచ్చిన రాబడిని పంచుకున్నంత మాత్రాన భాగస్వాములైపోరు అని కూడా ఉంది. ఈ తేడా చిన్నది కాదు. భాగస్వాములైతే ఒకరు వ్యాపారం కోసం చేసిన అప్పుకి అందరూ జవాబుదారీ. చేపలు కొనే కమీషన్ ఏజెంటు దగ్గర తమ్ముడు బోటు పేరు చెప్పి రెండు లక్షలు అడ్వాన్సు తెచ్చాడనుకోండి, ఇక ఆ బోటు చేప ఆ ఏజెంటుకే, అతను చెప్పిన రేటుకే పోవాలి, అన్న వంతులో పడింది కూడా. కాబట్టి ఒప్పందంలో మిగతావి మర్చిపోయినా ఈ ఒక్కటి రాసుకోండి: ముగ్గురి సంతకం లేకుండా బోటు పేరున అడ్వాన్సు లేదు.

పేరు సంగతి కూడా తేల్చుకోవాలి. ఓడలకి వాటాల లెక్క చట్టంలోనే ఉండేది, మన 1958 మర్చంట్ షిప్పింగ్ చట్టం ఓడ యాజమాన్యాన్ని 10 వాటాలుగా చూసింది, ఇంగ్లండ్‌లో అది 64. మన వేట బోట్ల దగ్గరికి వచ్చేసరికి చాలాచోట్ల ఒక్క పేరుతో సరిపెట్టేసి, మిగతాదంతా నోటిమాట. 2023 నవంబరు 19 రాత్రి విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో మంటలు చెలరేగి దాదాపు 40 బోట్లు కాలిపోయాయి, బోటు విలువలో 80 శాతం పరిహారం ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. అలాంటి రోజున చెక్కు వచ్చేది రిజిస్ట్రేషన్‌లో ఉన్న పేరుకి. దాంట్లో పావు తనదని బావ ఏ కాగితం చూపిస్తాడు? ఇన్సూరెన్సు డబ్బు వచ్చినా ఇదే ప్రశ్న. వీలైతే ముగ్గురి పేర్లూ ఎక్కించాలి, కాకపోతే ఎవరి వాటా ఎంతో స్టాంపు కాగితం మీద రాసి ముగ్గురూ తలా కాపీ ఉంచుకోవాలి.

చివరికి ఒకరు బయటికి పోతానంటారు, బావే అనుకుందాం, కూతురి పెళ్లి వచ్చింది. 2 లక్షలు పెట్టాను, 2 లక్షలివ్వండి అంటాడు. నాలుగేళ్లు సముద్రంలో నానిన ఫైబరుకీ, సగం అరిగిన ఇంజిన్‌కీ ఆ ధర ఎక్కడిది? ఇంజిన్ డబ్బాలో సరిగ్గా డబ్బు పడుతూ వచ్చుంటే ఈ బేరం చాలా తేలిక, అరిగినదానికి డబ్బు డబ్బాలోనే ఉంటుంది, మిగిలింది బోటు బాడీకీ వలలకీ ఎంతొస్తుందన్న ప్రశ్న మాత్రమే. ధర కుదరకపోతే పాత పద్ధతి ఒకటుంది: ఒకరు ధర చెప్పాలి, ఆ ధరకి కొంటారో అమ్ముతారో రెండోవాళ్లు ఎంచుకోవాలి. ధర చెప్పేవాడు ఎక్కువా చెప్పలేడు, తక్కువా చెప్పలేడు. అయితే ఇది చేతిలో డబ్బున్నవాళ్ల మధ్యే న్యాయంగా నడుస్తుంది. పెళ్లి ఖర్చులో ఉన్న బావ తక్కువ ధర విన్నా తిరిగి కొనలేడని అన్నకి తెలుసు. కాబట్టి కొనేవాళ్లకి ఆరు నెలల గడువు, వాయిదాల్లో కట్టే వీలు, ఆ ఆరు నెలలూ బావకి పడవ వాటా వస్తూనే ఉండాలన్న మాట, ఈ మూడూ బోటు కొన్న రోజునే, ఆ ఫొటో దిగకముందే రాసుకోవాలి.